కడుపునకు మనస్సునకు గల చుట్టరికము



పాల్కురికి సోమనాథకవి రచించిన బసవపురాణములో మాదర చెన్నయ్య కథ కలదు. చెన్నయ్య చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోసి తెచ్చి బ్రతుకు నిరుపేద. అతడు తన భక్తిని లోకమునకు తెలియనీయక, దినదినము తన యింటి అంబలిని శివునకు అర్పించి, పిదప తాను స్వీకరించుచుండెను. కరికాలచోళుడును పరమభక్తుడే. షడ్రసోపేతముగా వండించిన నైవేద్యమును అతడు ప్రతిదినము శివునకు సమర్పించుచుండెను. ఒకనాడు శివుడు రాజుగారి నైవేద్యమును ముట్టలేదు. తనయందు ఏ దోషము కలదో యని రాజు తల్లడిల్లి ప్రాణత్యాగమునకు సిద్ధపడగా, చెన్నయ్య యింట అంబలి త్రాగి తృప్తి పొందితినని శివుడు పలికెను. రాజు పరుగున పోయి చెన్నయ్య పాదములపై బడెను.

ఈ కథ విన్నవారు భక్తికి కులము లేదు, కలిమి లేదు అను నీతిని గ్రహింతురు. అది సత్యమే. కాని యిందు మరియొక సూక్ష్మము కలదు. కడుపు నిండుటకు పదార్థము చాలును. తృప్తి కలుగుటకు పదార్థము మాత్రము చాలదు. పెట్టువాని మనస్సు, తినువాని మనస్సు అందులో కలియవలెను. శివుడు ఆరు రుచులను విడిచి అంబలిని కోరుటలోని అంతరార్థము ఇదియే. ఈ అంతరార్థము దేవుని విషయమున మాత్రమే కాక, ప్రతి మనుష్యుని కడుపు విషయమునను నిజమని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

తెలుగుభాష ఈ సంగతిని ఏనాడో ఎఱుగును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖము కడుపుకోత. ఇతరుల మేలు చూడలేనివానిది కడుపుమంట. దీనుని చూచి కరగినవానికి కడుపు తరుగుకొనిపోవును. తప్పు చేసినవాడు ఆ తప్పును కడుపులో పెట్టుకొనుమని వేడుకొనును. ఉపకారము పొందిన ముదుసలి ‘నీ కడుపు చల్లగుండ’ అని దీవించును. దుఃఖము, అసూయ, జాలి, క్షమ, ఆశీర్వాదము - ఇవి యన్నియు మనస్సునకు చెందినవి. అయినను పల్లెలలోని పెద్దలు వీనిని కడుపునందే నిలిపిరి. పరీక్షకు పోవు బాలునికి తెల్లవారుజామున కడుపులో త్రిప్పుటను, చావుకబురు విన్నవానికి ముద్ద దిగకపోవుటను వారు కన్నులార చూచినవారు. వారి పలుకుబడి వారి అనుభవమునుండి పుట్టినది.

శాస్త్రకారులును ఈ మాటనే చెప్పిరి. హితమైన ఆహారమును మితముగా భుజించినను, చింత, శోకము, భయము, క్రోధము, నిద్రలేమి కలవానికి అది జీర్ణము కాదని చరకసంహిత విమానస్థానమున చెప్పబడినది. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువుచే 15 దినములు నీరు మాత్రమే త్రాగించి, అటుపిమ్మట వేదమును చెప్పుమనెను. ఆ కుమారునికి నేర్చినది ఏదియు స్ఫురింపలేదు. అన్నము తినిన పిదప అంతయు స్ఫురించెను. అన్నముయొక్క సూక్ష్మాంశమే మనస్సగునని తండ్రి బోధించెను. చరకుడు మనస్సు కడుపును చెఱచు విధమును చూపగా, ఉద్దాలకుడు కడుపు మనస్సును నిలుపు విధమును చూపెను. ఈ దారి రెండు వైపుల నడచు దారి.

పెద్దలు అనుభవముచే చెప్పిన ఈ మాటను ఒక వైద్యుడు కంటితో చూచు సందర్భము 19వ శతాబ్దిలో సంభవించినది. 1822వ సంవత్సరము జూన్ 6వ తేదీన అమెరికాలోని మాకినా దీవిలో తుపాకి ప్రమాదవశమున ప్రేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకుని కడుపునకు పెద్ద గాయమయ్యెను. సైనికవైద్యుడైన విలియం బోమాంట్ అతనిని బ్రతికించెను గాని, ఆ గాయపు రంధ్రము పూర్తిగా పూడలేదు. జీర్ణాశయము లోపల జరుగునది ఆ రంధ్రమునుండి కనబడుచుండెను. బోమాంట్ ఆహారపు ముక్కలను పట్టుదారమునకు కట్టి లోనికి దింపి, గడియగడియకు పైకి తీసి పరీక్షించెను. 1833లో తన పరిశీలనలను గ్రంథముగా ప్రకటించెను. ఆ యువకుడు కోపగించినపుడు జీర్ణక్రియ చెడుటను అతడు గమనించి వ్రాసెను. కోపము ముఖమున మాత్రమే కాక కడుపులోపలను కనబడు వికారమని అప్పుడు లోకమునకు తెలిసినది.

1895లో ఎక్స్‌రే కిరణములు కనుగొనబడిన కొలది యేండ్లకే హార్వర్డ్ విశ్వవిద్యాలయమున వాల్టర్ కానన్ అను శాస్త్రజ్ఞుడు ఆ కిరణముల సాయమున పిల్లుల జీర్ణాశయపు కదలికలను చూచెను. అన్నము తినిన పిల్లి ప్రశాంతముగా నున్నంతసేపు దాని జీర్ణాశయము అలలవలె కదలుచుండెను. అది బెదరినను, కోపగించినను ఆ కదలిక నిలిచిపోయెను. మెల్లగా నిమిరి శాంతింపజేయగా మరల మొదలయ్యెను. నోరులేని ప్రాణియే ఇట్లుండగా, అవమానమును, అప్పును, రేపటి భయమును మోయుచు విస్తరి ముందు కూర్చుండు మనుష్యుని సంగతి వేరుగా చెప్పవలెనా?

దీనికి కారణము దేహనిర్మాణమునందే కలదు. అన్నవాహిక మొదలుకొని పెద్దప్రేవు తుదివరకు గోడల పొరలలో నాడీకణముల వల యొకటి అల్లుకొని యున్నది. అందు 10 కోట్లకు మించిన నాడీకణములు కలవు. మెదడు ఆజ్ఞ ఇయ్యకున్నను ఈ వల ప్రేవులను నడపగలదు. కావుననే కొందఱు శాస్త్రజ్ఞులు దీనిని రెండవ మెదడని పిలిచిరి. ఈ వలను తలలోని మెదడుతో కలుపు ప్రధాననాడి వేగస్ నాడి. ఆ నాడిలోని తంతువులలో నూటికి 80 పాళ్లు క్రిందినుండి పైకి, అనగా దేహములోని అవయవములనుండి మెదడునకు, వార్తలు మోయునవి. మెదడు కడుపునకు చెప్పు మాటలకంటె కడుపు మెదడునకు చెప్పుకొను మాటలే మిక్కుటమని దీని తాత్పర్యము. మనోవికారములతో సంబంధము కలదని చెప్పబడు సెరటోనిన్ అను పదార్థములో నూటికి 90 పాళ్లు కడుపుప్రేవులలోనే తయారగును. అయితే ప్రేవులలోని సెరటోనిన్ నేరుగా మెదడులోనికి చొరలేదు. ప్రేవుల కదలికయే దాని ముఖ్యకార్యము. ఈ భేదమును తెలియక, కడుపులో సెరటోనిన్ పెరిగినచో దుఃఖము పోవునని ప్రచారము చేయువారి మాట నమ్మరాదు.

ఇక ప్రేవులలో నివసించు సూక్ష్మజీవుల సంగతి. మనుష్యదేహమునందు సుమారు 38 లక్షల కోట్ల సూక్ష్మజీవులు కలవనియు, దేహముయొక్క సొంతకణములు సుమారు 30 లక్షల కోట్లనియు 2016లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఆ సూక్ష్మజీవులలో అధికభాగము పెద్దప్రేవులో నుండును. మనుష్యుడు అరిగించుకొనలేని పీచును అవి తిని, ప్రేవులగోడకు బలమిచ్చు ఆమ్లములను తయారుచేయును. ప్రతి మనుష్యుడును తనకు తెలియకయే దినమునకు కోటానుకోట్ల ప్రాణులకు దాసోహము నడుపుచున్నాడు! 2004లో జపానులోని క్యూషూ విశ్వవిద్యాలయమున పుట్టుకనుండి సూక్ష్మజీవులు లేకుండ పెంచిన ఎలుకలను పరిశీలించిరి. కదలనీయక కట్టడి చేసినపుడు ఆ ఎలుకల దేహము మామూలు ఎలుకలకంటె మిక్కిలిగా కలవరపడెను. 2017లో ఆస్ట్రేలియాలో మనోవ్యాకులతతో బాధపడుచున్న 67 మందిపై ఒక పరీక్ష జరిగెను. 12 వారములు కొందఱికి కూరగాయలు, పండ్లు, పప్పులు, ముడిధాన్యములతో కూడిన ఆహారము తినుటలో తోడ్పడిరి. కొందఱితో స్నేహపూర్వకముగా మాటలాడుచుండిరి. ఆహారము మార్చుకొన్నవారిలో నూటికి 32 మంది వ్యాకులతనుండి తేరుకొనగా, రెండవవారిలో నూటికి 8 మంది తేరుకొనిరి. ఇది చిన్న పరీక్ష. అందు పాల్గొన్నవారిలో పెక్కుమంది వైద్యమును మానక కొనసాగించినవారు. ఆహారము వైద్యమునకు తోడు గాని, వైద్యమునకు బదులు కాదని యే దీనినుండి గ్రహింపదగినది.

శివశరణులు ఈ సంగతులను విని, ఇవి దేహమునకు చెందినవి గదా, ధర్మముతో వీనికేమి పని యని అనుకొనరాదు. 12వ శతాబ్దిలో కల్యాణ నగరమున బసవేశ్వరుడు దేహమును హేయమని చెప్పలేదు. దేహమునే దేవాలయముగా చూపెను. ఆ దేహముపై ఇష్టలింగమును ధరింపజేసెను. అష్టావరణములలో ప్రసాదమునకు స్థానమిచ్చినది వీరశైవము. షట్స్థలములలో భక్తస్థలము, మహేశ్వరస్థలము దాటిన పిదప మూడవది ప్రసాదిస్థలము, నాల్గవది ప్రాణలింగిస్థలము. ప్రసాదమును స్వీకరించుట నేర్వనిదే ప్రాణమును లింగముగా చేయుట సాధ్యము కాదని ఈ వరుసయే తెలుపుచున్నది. అన్నమునుండి ప్రాణమునకు, ప్రాణమునుండి భావమునకు సోపానములు కట్టిన పెద్దలకు కడుపు మనస్సుల చుట్టరికము తెలియదని యెట్లు అనవచ్చును?

‘కడుపే కైలాసము, ఇల్లే వైకుంఠము’ అని తెలుగునాట ఒక సామెత కలదు. తన పొట్ట తప్ప పరులను తలపనివానిని అది వెక్కిరించును. శరణుల మార్గము దీనికి ఎదురైనది. వారు కాయకమున చెమటోడ్చి సంపాదించిరి, దాసోహమున పంచిరి, లింగమునకు అర్పించి, మిగిలినదానిని ప్రసాదమని కన్నుల కద్దుకొని తినిరి. ఈ మూడింటిలో ఏది లోపించినను అన్నము అన్నముగానే మిగులును, ప్రసాదము కాజాలదు. అర్పించు ఆ కొలది క్షణములలో చేయి ఆగును, శ్వాస నెమ్మదించును, కోపము చల్లారును. వ్యాపారపు లెక్కలు, పొరుగువారితో తగవులు విస్తరి వెలుపల నిలుచును. కానన్ కిరణముల సాయమున చూచిన శాంతిని శరణులు అర్పణముచే సాధించిరి.

అయితే నేడు ఎన్ని యిండ్లలో అన్నము ప్రసాదమగుచున్నది?

ఒక యిల్లు కలదనుకొందురు గాక. ఆ యింటి కోడలికి కొన్ని నెలలుగా కడుపునొప్పి. అన్నము ముట్టినచో కడుపు ఉబ్బును. ఒకనాడు విరేచనములు, ఒకనాడు మలబద్ధము. పట్టణమున పెద్దాసుపత్రికి తీసికొనిపోయిరి. రక్తపరీక్షలు, స్కానింగు అన్నియు చేసి, భయపడవలసినది ఏమియు కనబడలేదని వైద్యుడు చెప్పెను. ఆ మాట ఇంటికి వచ్చునప్పటికి వేరు రూపము ధరించినది. ‘డాక్టరే ఏమీ లేదన్నాడు. అంతా వేషం’ అని అత్త అనెను. భర్త మౌనము వహించెను. నాటినుండి ఆమె నొప్పిని చెప్పుకొనుట మానినది. తినుటయు సగము మానినది.

ఒకనాడు ఆ యింటికి ఒక వృద్ధ జంగమయ్య భిక్షకు వచ్చెను. అందఱి భోజనము ముగిసిన పిమ్మట ఆమె పొయ్యికడ నిలుచుండి గిన్నెలో అడుగుబొడుగు తినుచుండుటను చూచెను.

“అమ్మా, కూర్చుని తినరాదా?” అని అడిగెను.

“అలవాటైపోయింది అయ్యా. ఇంతలో ఎవరో ఒకరు పిలుస్తారు.”

“తినేటప్పుడు నీ మనసు ఎక్కడ ఉంటుంది తల్లీ?”

ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప కన్నులు తుడుచుకొని, “వాకిట్లోనే ఉంటుంది అయ్యా. ఆడబిడ్డ పెళ్లికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. మీ అబ్బాయి ఇంట్లో ఉండేది అన్నాల వేళకే కనుక, అప్పులాయన ఆ వేళకే వస్తాడు. ఆయన చెప్పుల చప్పుడు వినబడితే చాలు, లోపల మెలిపెట్టినట్లవుతుంది” అని చెప్పెను.

జంగమయ్య అత్తను, కుమారుని పిలిచి కూర్చుండబెట్టెను. “అమ్మా, వైద్యుడు పుండు లేదన్నాడు గాని నొప్పి లేదనలేదు. ఈ తల్లికి నొప్పి నిజమే. ఈ యింటి అప్పునంతటిని ఈమె ఒక్కతియే కడుపులో మోయుచున్నది” అనెను. ఆ మాటకు కుమారుడు తల వంచుకొనెను.

ఇట్టి నొప్పి కల్పితము కాదని నేటి వైద్యము స్పష్టముగా చెప్పుచున్నది. పుండు గాని వాపు గాని కనబడకయే కడుపునొప్పి, ఉబ్బరము, విరేచనముల మార్పు దీర్ఘకాలము బాధించు వ్యాధిని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అందురు. 2016లో వెలువడిన రోమ్ నిర్ణయములలో ఇట్టి వ్యాధులను ప్రేవులకు మెదడునకు నడుమగల సంబంధమున కలుగు వ్యాధులుగా పేర్కొనిరి. ప్రేవులు చిన్న కదలికనే పెద్ద నొప్పిగా చెప్పును. మెదడు ఆ వార్తను మఱింత పెద్దది చేసికొనును. నొప్పి వలన దిగులు, దిగులు వలన నొప్పి - గానుగవలె త్రిరుగును. ఆహారపు మార్పు, మందులు, మనస్సును కుదుటబఱచు చికిత్స - వీనిచే ఈ బాధను తగ్గింపవచ్చును. వేషమని తీసివేసినచో గానుగ మఱింత వడిగా త్రిరుగును.

ఆ యింట పిదప జరిగినది గొప్ప మహిమ కాదు. భోజనవేళకు అప్పుమాట యెత్తరాదని ఇంటివారు నియమము పెట్టుకొనిరి. కుమారుడే అప్పులవానిని వెదకికొని పోయి, ఆదివారముదయము రమ్మని ఒప్పించెను. కోడలి విస్తరి అందఱి విస్తళ్లతో పాటు వేసిరి. లింగార్పణము ముగియువరకు ఎవరును చేయి పెట్టలేదు. మరల వైద్యునికడకు పోయినపుడు, ఆమె నొప్పితో పాటు తన చింతనుకూడ చెప్పుకొనెను. నొప్పి ఒక్కనాట పోలేదు; మెలమెల్లగా తగ్గెను. కొన్ని వారములకు ఆమె ముంతెడు అంబలిని కూర్చుండి త్రాగగలిగెను. అత్త మరియొక గరిటె పోసెను.

ఈ దృష్టాంతమును చదివిన ప్రతి గృహస్థుడు తన యింటి పంక్తిని ఒకమాఱు చూచుకొనవలెను. ఎవరు చివర తినుచున్నారు? ఎవరు నిలుచుండి తినుచున్నారు? ఏ బాలుని మార్కులను విస్తరి ముందే లెక్కించుచున్నారు? ఏ ముదుసలికి పెట్టు ముద్దతో పాటు ఒక ఎత్తిపొడుపు వడ్డింపబడుచున్నది? జంగమునకు పాదపూజ చేసి ఇంటిలోని ప్రాణికి కన్నీటితో అన్నము పెట్టినచో ఆ దాసోహము పూర్ణము కాదు. వడ్డించు చేతికి శాంతి లేనిచో తిను కడుపునకు శాంతి యెక్కడిది?

ఏమి తినవలెనను విషయమునను చెన్నయ్య అంబలియే మంచి గురువు. రాగిపిండిని గాని జొన్నపిండిని గాని రాత్రి నీటిలో కలిపి పులియనిచ్చి, మరునాడు కాచి మజ్జిగ పోసికొని త్రాగుట తెలుగుపల్లెల పాత అలవాటు. అందు పీచు కలదు, పులుపు కలదు, చలువ కలదు. 2021లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయమున 36 మందిపై జరిగిన పరీక్షలో, 10 వారములు పెరుగు మున్నగు పులిసిన పదార్థములను ఎక్కువగా తినినవారి ప్రేవులలో సూక్ష్మజీవుల వైవిధ్యము పెరిగెను. వారి పరీక్ష అంబలిపై జరిగినది కాదు. అయినను పేదవాని ముంతను చిన్నచూపు చూడరాదను బుద్ధి దానినుండి గ్రహింపవచ్చును. పప్పులు, ఆకుకూరలు, ముడిధాన్యములు, మజ్జిగ - ఇవి ఖరీదైన మాత్రలకంటె ముందు ఇంటనే దొరకునవి.

ఇచ్చట రెండు హెచ్చరికలు అవసరము. మలములో రక్తము పడుట, మలము నల్లబడుట, కారణము లేకయే బరువు తగ్గుట, మ్రింగుటకు కష్టమగుట, రాత్రి నిద్రలేపు నొప్పి - ఇట్టివి కనబడినపుడు అది చింతయే యని సరిపెట్టుకొనక వెంటనే వైద్యుని చూడవలెను. అట్లే దిగులు వారములతరబడి వదలకున్నచో, బ్రతుకుపై ఆశ సన్నగిల్లినచో, అది భక్తిలోపమని సిగ్గుపడరాదు. పథ్యమొక్కటే చాలునని జాగు చేయరాదు. మనోవైద్యుని సాయమును అడుగుట దోషము కాదు. 2022లో భారతప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసి ఉచితముగా మాటలాడవచ్చును. వైద్యుడు ఇచ్చిన మందును ఎవరి మాటవలనను మధ్యలో మానరాదు. కడుపును మాడ్చుటయే తపస్సని తలచి దేహమును కృశింపజేయుటయు తగదు. శ్వేతకేతువు వేదమును మఱచిన కథను గుర్తుంచుకొనవలెను.

శివశరణులారా! చెన్నయ్య అంబలిలో ఉప్పు ఎంత పడెనో పురాణము చెప్పదు. అతడు దానిని ఎవరిపైనను కినుకతో కాచలేదు, దేనికిని భయపడుచు త్రాగలేదు. నేటి రాత్రి ఇంట విస్తళ్లు పఱచునపుడు, ఎవరి ముద్ద గొంతుదిగక నిలిచిపోవుచున్నదో చూచి, వారి ప్రక్కన కూర్చుండి, మెల్లగా అడుగవలెను. వారు చెప్పుకొనునంతవరకు వేచియుండవలెను. వినిన మాటను కడుపులో దాచుకొనవలెను. అప్పుడు ఆ యింటి అన్నము ప్రసాదమగును.

అందఱి కడుపులు చల్లగుండుగాక! అందఱి మనస్సులు చల్లగుండుగాక!